ప్రత్యేక అవసరాల పిల్లలకు సర్కారు బడి ఏం బాకీ ఉంది?

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచారంటే చాలు, ఏ మండలానికి వెళ్లినా ఒకే మాట వినిపిస్తుంది. బిడ్డకు మాట సరిగా రాలేదనో, నడక రాలేదనో, ఎంత చెప్పినా చదువు అంటడం లేదనో తల్లిదండ్రులు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్తారు. "ముందు సదరం సర్టిఫికెట్ తెచ్చుకోండి, తర్వాత చూద్దాం" అని సమాధానం వస్తుంది. లేదంటే "ఇక్కడ చెప్పేవాళ్లు లేరు, భవిత కేంద్రానికి పంపండి" అంటారు. సదరం అంటే వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ ధ్రువపత్రం, భవిత కేంద్రం అంటే ఈ పిల్లల కోసం మండలంలో పెట్టిన సహాయక కేంద్రం. ఈ రెండు మాటలకూ చట్టంలో చోటు లేదు. అయినా ఏటా ఎంతోమంది పిల్లలు ఆ మాటల దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ప్రభుత్వ బడి ఈ పిల్లలకు ఏమివ్వాలో, దాన్ని ఎలా రాబట్టుకోవాలో, పని ఎక్కడ చెడుతోందో కాస్త వివరంగా రాస్తున్నాం.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు కూడా అందులో స్పష్టంగా చేరారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉందని 31వ సెక్షన్ చెబుతోంది. దగ్గర్లోని మామూలు బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వాళ్ల ఇష్టం. 16వ సెక్షన్ అసలు శాతం ఊసే ఎత్తదు. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనం అందుబాటులో ఉండాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, నేర్చుకోవడంలో ఇబ్బందులను వీలైనంత త్వరగా గుర్తించాలి, ప్రతి పిల్లవాడి ప్రగతినీ గమనించాలి. ప్రభుత్వం నడిపే బడులకూ, నిధులిచ్చే బడులకూ, గుర్తింపు ఇచ్చిన బడులకూ ఇవన్నీ బాధ్యతలే. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం, టీసీ రాలేదని నిలిపేయడం కూడా విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

మరి ఆ 40 శాతం దేనికి? పింఛనుకు, రిజర్వేషన్‌కు, బస్ పాస్‌కు, ఉపకరణాలకు, కొన్ని అలవెన్సులకు కావాలి. బడిలో కూర్చోవడానికీ, ముందు బెంచీ అడగడానికీ, ప్రశ్న చదివి వినిపించమనడానికీ అక్కర్లేదు. రెండు చెవుల్లోనూ ఓ మోస్తరు వినికిడి లోపం ఉన్న పిల్లకు మెడికల్ బోర్డు 40 లోపే వేయవచ్చు. నలభై మంది ఉన్న గదిలో, ఫ్యాన్ చప్పుడులో, వెనక బెంచీలో కూర్చుంటే ఆ పిల్లకు పాఠంలో సగం వినపడదు. "పర్సంటేజీ లేదు కాబట్టి మామూలు పిల్లే" అని తేల్చడం వల్ల నష్టపోతున్నది ఎక్కువగా ఇలాంటి పిల్లలే. 2024 నాటి నిబంధనల సవరణ 40 లోపు వారికి కూడా తెలుపు రంగు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇస్తోంది. 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80, అంతకుమించితే నీలం. తెలుపు కార్డుతో పింఛను రాకపోవచ్చు గానీ, దాన్ని చేతిలో పెట్టుకుని బడిలో సర్దుబాట్లు అడగవచ్చు.

ఇక గుర్తింపు సంగతి. పిల్లవాడు వెనకబడ్డాడని అనుమానం వస్తే ముందు చూడాల్సింది కళ్లూ చెవులూ. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు రావాలి. లోపం కనిపిస్తే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపుతారు. అక్కడ కంటి, వినికిడి పరీక్షలతో పాటు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ కూడా అందాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, బృందం వచ్చిన రోజున రాని పిల్లలే చాలాసార్లు అసలు అవసరం ఉన్న పిల్లలు. వాళ్ల పేర్లు టీచర్ విడిగా రాసి పెట్టుకుని తర్వాత పంపించకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ చెక్‌లిస్టు. మొదటి భాగాన్ని క్లాస్ టీచర్ నింపుతారు, రెండో భాగాన్ని ప్రత్యేక విద్య టీచర్ చూస్తారు. అది స్క్రీనింగ్ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. చెక్‌లిస్టులో టిక్కు పడగానే పిల్లవాడికి ఏదో పేరు తగిలించేయకూడదు. అలాగే టిక్కు పడలేదని వదిలేయనూ కూడదు.

చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది, అంటే డిస్‌లెక్సియా వంటివి, మన బడుల్లో అన్నింటికన్నా ఆలస్యంగా బయటపడతాయి. పిల్లవాడు చక్కగా మాట్లాడతాడు, నోటి లెక్కలు చేస్తాడు, ఆటల్లో ముందుంటాడు. పుస్తకం ఇస్తే మాత్రం మొహం తిప్పేసుకుంటాడు. అందరూ దాన్ని "బద్ధకం" అంటారు. తెలుగు లిపిలో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుందో టీచర్లకు శిక్షణలో చెప్పేవాళ్లు తక్కువ. మ–య, ప–వ, స–న, ద–ధ లాంటి పోలిక ఉన్న అక్షరాలు రెండో తరగతి దాటాక కూడా కలిసిపోతుంటాయి. గుణింతంలో హ్రస్వం, దీర్ఘం తారుమారవుతాయి, 'కొ'కీ 'కో'కీ తేడా అందదు. ఇక అసలు గండం ఒత్తుల దగ్గరుంది. 'అమ్మ' అని చూసి 'అమ' అంటాడు, 'చెట్టు'ను 'చెటు' అని రాస్తాడు, 'పుస్తకం' 'పుసకం' అవుతుంది. ఒక అక్షరం మీద తలకట్టో గుడో, కింద ఒత్తు, పక్కన సున్నా, ఇన్ని దిక్కులకు చూపు ఒకేసారి వెళ్లాలి. అదే అతనికి కష్టం. దీనికి తోడు బోర్డు మీదిది దించుకోమంటే మూడు అక్షరాలు రాసి, తలెత్తి, ఎక్కడున్నాడో వెతుక్కుని, మళ్లీ మొదటికొస్తాడు.

ఇలాంటి తప్పులు అందరూ కొంతకాలం చేస్తారు. తేడా తెలిసేది, రోజూ బడికి వస్తూ, సరైన బోధన అందుతూ, ఆరు నెలలు గడిచాక కూడా అవే తప్పులు అలాగే ఉండిపోయినప్పుడు. ఏడాదిలో సగం రోజులు వలస వెళ్లొచ్చిన పిల్లలనూ, ఇంట్లో లంబాడీయో కోయో గోండీయో ఉర్దూయో మాట్లాడి బడికొచ్చాకే తెలుగు విన్న పిల్లలనూ ఈ లెక్కలో వేయకూడదు. వాళ్లకు కావలసింది భాషా బోధన. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు మూడో తరగతిలో గానీ 8 ఏళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు ఈ స్క్రీనింగ్ చేయాలని చెప్పాయి. తొమ్మిదో తరగతిలో, పది పరీక్షల ముందు కంగారుగా బయటపడే కేసులన్నీ మూడో తరగతిలో దొరకాల్సినవే.

గుర్తించాక చేయాల్సిన పని చిన్నదిగా కనిపిస్తుంది, దాని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో పిల్లవాడి వివరాల్లో 'ప్రత్యేక అవసరాలు' అన్న గడిలో 'అవును' పెట్టి, వైకల్యం రకం ఎంచుకోవాలి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వార్షిక ప్రణాళిక, బడ్జెట్ ఈ లెక్కల మీదే తయారవుతాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకు ఈ పథకంలో తలా ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. అమ్మాయిలకు నెలకు 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ ఉంది. అవసరాన్ని బట్టి రవాణా, ఎస్కార్ట్, రీడర్ అలవెన్సులు ఉంటాయి. గడిలో 'కాదు' అని ఉంటే ఈ పిల్లవాడు లెక్కలోనే లేడు. ఐదో తరగతి అయ్యి హైస్కూల్‌కు మారినప్పుడు ఈ వివరం సరిచూడకపోవడం, బుద్ధి మాంద్యం అని ఒకచోట, నేర్చుకోవడంలో ఇబ్బంది అని ఇంకోచోట నమోదవడం, బ్యాంకు ఖాతాలో పేరూ ఆధార్‌లో పేరూ కలవక డబ్బు వెనక్కి పోవడం, ఇవీ తరచూ జరిగే తప్పులు. ఏటా ఒకసారి హెడ్మాస్టర్‌ను అడిగి ఆ పేజీ ప్రింటు చూడండి. రెండు నిమిషాల పని.

సర్టిఫికెట్ కోసం తెలంగాణలో యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో సదరం స్లాటు బుక్ చేసుకోవాలి. శిబిరానికి వెళ్లేటప్పుడు ఆధార్, ఫొటోలతో పాటు పాత ప్రిస్క్రిప్షన్లు, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు), కంటి రిపోర్టు, బడి నుంచి ఒక పేజీ నోట్ తీసుకెళ్లాలి. ఆ నోట్ చాలామంది పట్టించుకోరు. డాక్టర్ పిల్లవాడిని చూసేది కొద్ది నిమిషాలు. ఆటిజం ఉన్న పిల్లవాడు ఆ కాసేపూ కుదురుగా కూర్చోవచ్చు, లేదా కొత్త చోట భయపడి అసలు సహకరించకపోవచ్చు. తరగతిలో రోజూ ఏం జరుగుతుందో టీచర్ రాసిన పది వాక్యాలు అక్కడ పనికొస్తాయి. ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీ చూసుకుని, అది ముగియక ముందే మళ్లీ స్లాటు తీసుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది తలుపు దాకా వచ్చే దారి. అసలు సేవ ఐఈపీతో, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళికతో మొదలవుతుంది. మన దగ్గర అన్నింటికన్నా బలహీనంగా ఉన్నది ఇదే. చాలా మండలాల్లో ఐఈపీలు ఉన్నాయి. భవిత కేంద్రం బీరువాలో, అట్టలు వేసి, చక్కగా ఉన్నాయి. క్లాస్ టీచర్ దాన్ని చూడలేదు, తల్లిదండ్రులకు అది ఉందని తెలియదు. పది మంది పిల్లల ఐఈపీలు తిరగేస్తే "చదవడం మెరుగుపరచాలి, రాయడం మెరుగుపరచాలి, సాంఘిక నైపుణ్యాలు పెంపొందించాలి" అని పదింటిలోనూ అవే మూడు వాక్యాలు. అలాంటి కాగితంతో ఎవరూ ఏమీ బోధించలేరు, బోధించారో లేదో ఎవరూ తేల్చనూ లేరు.

మంచి ఐఈపీ రెండు మూడు పేజీలు దాటనక్కర్లేదు. మొదట, పిల్లవాడు ఈ రోజు ఏం చేయగలడో ఉండాలి. "చదవలేడు" అని రాస్తే చాలదు. "అచ్చులన్నీ గుర్తిస్తాడు. హల్లుల్లో 22 గుర్తిస్తాడు, ఖ, ఘ లాంటి వత్తు అక్షరాలు రావు. గుణింతంలో దీర్ఘం, గుడి వచ్చు. ఒత్తులు రావు. వింటే మూడో తరగతి కథ అర్థం చేసుకుని చెప్పగలడు" అని ఉండాలి. ఇది రాయాలంటే పిల్లవాడితో అరగంట కూర్చోవాలి, అందుకే చాలామంది రాయరు. చివరి వాక్యం మాత్రం విడవకూడదు. పిల్లవాడికి ఉన్న బలం అక్కడే ఉంది, సర్దుబాట్లన్నీ దాని మీదే నిలబడతాయి.

తర్వాత లక్ష్యం. "దసరా సెలవుల లోపు, ఒత్తులు లేని, గుణింతాలున్న రెండు మూడు అక్షరాల కొత్త పదాలు పది ఇస్తే ఎనిమిది సరిగా చదవాలి. ఇలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు జరగాలి." ఇందులో గడువు ఉంది, కొలత ఉంది, కొత్త పదాలు అనడం వల్ల బట్టీకి అవకాశం లేదు, మూడుసార్లు అనడం వల్ల ఒక మంచి రోజును చూసి గీత గీసేయడం కుదరదు. ఏడాదికి ఇలాంటివి మూడు నాలుగు చాలు. పదిహేను లక్ష్యాలు రాసిన ఐఈపీలో ఒక్కటి కూడా పూర్తికాదు.

ఆపైన ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు. "ప్రత్యేక విద్య టీచర్ మంగళ, గురువారాల్లో 40 నిమిషాలు. క్లాస్ టీచర్ రోజూ తెలుగు పీరియడ్‌లో 10 నిమిషాలు. ఇంట్లో అమ్మ లేదా అక్క రాత్రి 10 నిమిషాలు పద పట్టికలు" అని పేరుపేరునా రాయాలి. వారానికి రెండుసార్లు వచ్చే టీచర్ ఒక్కరి మీదే వదిలేస్తే మధ్యలో ఒక సెలవు, ఒక మీటింగ్ వస్తే నెలకు ఆరు పీరియడ్లే మిగులుతాయి. క్లాస్ టీచర్ పది నిమిషాలే ఈ ప్రణాళికకు వెన్నెముక. ఆ పది నిమిషాలకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఒత్తును వేరే రంగు పెన్నుతో రాసిన అట్టముక్కలు, 'పుస్తకం' అన్న మాటను ముక్కలుగా విడదీసి మళ్లీ కలిపించడం, ఇసుకలోనో గాల్లోనో పెద్దగా రాయించడం సరిపోతాయి. ఒకసారికి ఒకే ఒత్తు తీసుకోవాలి. పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారం పక్కపక్కన పెట్టి నేర్పితే గందరగోళం పెరుగుతుంది. ఒకటి గట్టిపడ్డాకే రెండోది.

సర్దుబాట్లు వేరు, బోధన వేరు. ఈ తేడా తెలియక కొన్ని బడుల్లో పిల్లవాడికి పరీక్షలో సాయం చేసి, చదవడం నేర్పడం మానేస్తున్నారు. ఇంకొన్నిచోట్ల చదవడం వచ్చేదాకా సైన్సు, సాంఘికం కూడా ఆపేస్తున్నారు. రెండూ ఒకేసారి నడవాలి. చదవడం నేర్చుకుంటూనే, సాంఘికం ప్రశ్నకు జవాబు నోటితో చెప్పనివ్వాలి, బోర్డు మీదిది దించుకోమనకుండా నోట్స్ ఇవ్వాలి, సైన్సు పేపర్లో అక్షర దోషాలకు మార్కులు కోయకూడదు. సరిగా కనబడని పిల్లకు నల్లని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసిన కాగితం, వెలుతురు వెనక నుంచి పడే చోటు ఇవ్వాలి. చెవుల సమస్య ఉన్న పిల్లకు టీచర్ మొహం కనబడాలి, బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు అక్షరాలే లక్ష్యం కానక్కర్లేదు. తనంతట తాను మరుగుదొడ్డికి వెళ్లి రావడం ఏడాది లక్ష్యంగా పెట్టుకోదగ్గదే. అది రానందుకే బడి మానేసిన పిల్లలున్నారు, ముఖ్యంగా ఎదిగే వయసు ఆడపిల్లలు. దాన్ని అంచెలుగా విడగొట్టాలి. అవసరం తెలిసి సైగ చేయడం, నడిచి వెళ్లడం, బట్ట సర్దుకోవడం, కూర్చోవడం, నీళ్లతో శుభ్రం చేసుకోవడం, మళ్లీ బట్ట సర్దుకోవడం, చేతులు కడుక్కోవడం. ఏ అంచెలో ఎంత సాయం కావాలో పక్కన రాసుకోవాలి. నేర్పేటప్పుడు చివరి అంచె నుంచి మొదలుపెడితే తేలిక. ముందున్నవన్నీ మనం చేయించి, చేతులు కడుక్కోవడం ఒక్కటే అతనికి వదలాలి. అది వచ్చాక దాని ముందుది. ప్రతిసారీ పని పూర్తయ్యేది అతని చేతుల్లోనే కాబట్టి పిల్లవాడు పట్టు వదలడు. ఇంట్లో ఒకలా, బడిలో ఇంకోలా నేర్పితే మాత్రం రెండుచోట్లా రాదు. తల్లి ఐఈపీ సమావేశంలో కూర్చోవాలని గట్టిగా చెప్పేది ఇందుకే.

తరగతిలో లేచి పరుగెత్తే, కొట్టే పిల్లల గురించి ఒక మాట. శిక్షించే ముందు రెండు వారాలు ఒక చిన్న పట్టిక రాయండి. అది జరిగే ముందు ఏమైంది, ఏం చేశాడు, తర్వాత ఏమైంది. చాలాసార్లు పట్టికే జవాబు చెబుతుంది. రాత పని ఇచ్చినప్పుడే లేస్తున్నాడంటే, బయటికి పంపడం శిక్ష కాదు, అతనికి కావలసిందే దొరుకుతోంది. అప్పుడు రాత పని తగ్గించి, మధ్యలో లేచి తిరిగే అవకాశం మనమే ఇవ్వాలి.

ప్రణాళికను కనీసం మూడు నెలలకోసారి, టీచర్లూ తల్లిదండ్రులూ కూర్చుని చూడాలి. లక్ష్యం అందకపోతే పిల్లవాడిది తప్పని తేల్చకుండా, అనుకున్న నిమిషాలు నిజంగా అందాయా అని ముందు లెక్క చూడాలి. సగం కేసుల్లో కథ అక్కడే తేలిపోతుంది.

భవిత కేంద్రాలు మన రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ఉన్నాయి. బడికి సిద్ధం చేయడానికి, థెరపీకి, బడిలో ఉన్న పిల్లలకు అదనపు సాయానికి వాటిని పెట్టారు. బడి బదులుగా ఏళ్ల తరబడి అక్కడే కూర్చోబెట్టడానికి కాదు. ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి వస్తే, ఆ ఒక్కరోజు వ్యాయామంతో బిగిసిన కాళ్లు సాగవు. ఆ రోజు అసలు పని తల్లికి నేర్పడం. ఏ కీలును ఎటు, ఎంతసేపు సాగదీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆమె తన చేతులతో చేసి చూపించేదాకా థెరపిస్టు పక్కన ఉండాలి. ఇంటి వద్ద విద్య కూడా అంతే. విద్యాహక్కు చట్టం దాన్ని తీవ్రమైన లేదా బహుళ వైకల్యాలున్న పిల్లలకు ఒక ఎంపికగా ఇచ్చింది. బడికి ర్యాంపు లేదనో, ఆయా లేదనో ఇంటి వద్ద విద్య జాబితాలోకి పేరు మార్చేయడం అన్యాయం. ర్యాంపు అంటే గుర్తొచ్చింది. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. రెండడుగుల అరుగుకు ఐదడుగుల ర్యాంపు పోసి ఫొటో తీసుకున్న బడులు ఎన్నో, దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే బోర్లా పడుతుంది.

ఉపకరణాల శిబిరాల్లో ఇచ్చే వినికిడి యంత్రాలు ఎక్కువ భాగం కొన్నాళ్లకే పెట్టెలోకి చేరతాయి. దీనికి కారణాలు తెలిసినవే. పిల్ల ఎదిగేకొద్దీ చెవిలో పెట్టే అచ్చు వదులై యంత్రం కూత పెడుతుంది. అచ్చు మార్పించాలి గానీ యంత్రం పాడైందని తీసేస్తారు. బ్యాటరీ మీది స్టిక్కర్ ఊడదీశాక వాడినా వాడకపోయినా అది ఖర్చవుతూనే ఉంటుంది, అందుకే ముందుగా ఊడదీసి ఉంచకూడదు. ఊడదీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి. రాత్రిపూట యంత్రం తీసి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. పొద్దున ప్రార్థన కాగానే టీచర్ పిల్ల వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అని ఆరు శబ్దాలు మామూలు గొంతుతో పలికి, వినబడినప్పుడల్లా చెయ్యెత్తమనాలి. నిన్నటిదాకా విన్న 'స్' ఇవాళ వినకపోతే అచ్చులో గుబిలో, బ్యాటరీయో చూడాలి. అరనిమిషం పరీక్ష ఇది. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన సామగ్రి కిట్లు ఇస్తుంది. అవి కూడా తాళం వేసిన గదిలో కాకుండా పిల్లల చేతుల్లో ఉండాలి.

పదో తరగతి వాళ్లు ఆగస్టు నుంచే జాగ్రత్తపడాలి. సహాయక లేఖరి, అదనపు సమయం, ఒక భాష మినహాయింపు, ఉత్తీర్ణత మార్కుల సడలింపు లాంటివి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవారి జాబితాలో నమోదైతేనే హాల్ టికెట్ మీద వస్తాయి. పరీక్ష ముందు రోజు పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు. అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదన్నది కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకం. ఇంకో సంగతి, లేఖరితో పరీక్ష రాయడం కూడా అలవాటు కావాలి. జవాబును వాక్యాలుగా చెప్పడం, చెప్పింది తిరిగి చదివించుకోవడం, పటం గీయాల్సిన చోట వివరించడం రావాలి. అర్ధవార్షిక పరీక్ష నుంచే ఇలా రాయించాలి. భాష మినహాయింపు తీసుకునే ముందు మాత్రం ఆలోచించండి. తర్వాత చదవాలనుకునే కోర్సు ఆ భాష అడుగుతుందేమో ముందే కనుక్కోవాలి.

ఇవన్నీ చేసేదెవరు అన్నదే చివరి ప్రశ్న. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచర్, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. 2025 మార్చిలో పోస్టులు ప్రకటించాలని రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ ప్రత్యేక విద్య పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఇవి మంచి అడుగులే. కానీ ఏళ్లుగా తక్కువ జీతంతో, ఒప్పందం మీద, మండలంలోని బడులన్నీ తిరుగుతున్న ఐఈఆర్‌పీల (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల) అనుభవాన్ని ఈ లెక్కలో కలుపుకోకపోతే చేతికందిన మనుషుల్ని పోగొట్టుకున్నట్టే. వాళ్లకు సర్వేలు, యాప్ నమోదులు, ఇతర ఆఫీసు పనులు అప్పజెప్పడం ఇకనైనా మానాలి.

బడి పట్టించుకోకపోతే తల్లిదండ్రులు నోటితో అడిగి తిరిగి రాకండి. తెల్లకాగితం మీద పిల్లవాడి పేరు, తరగతి, ఏం కావాలో నాలుగు వాక్యాల్లో రాసి హెడ్మాస్టర్‌కు ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. పలకకపోతే అదే కాగితాన్ని జోడించి ఎంఈవోకు, ఆ తర్వాత డీఈవోకు ఇవ్వండి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా స్థాయి దివ్యాంగుల కమిటీకి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. అలవెన్సు ఎవరికి ఎంత వచ్చిందో తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. తేదీలున్న కాగితాల దొంతర ఉంటే ఏ అధికారి అయినా వినక తప్పదు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను మేం అడిగేది పెద్ద పథకం కాదు. ప్రతి ప్రత్యేక అవసరాల పిల్లవాడి ఐఈపీ నకలు ఒకటి తల్లిదండ్రులకు, ఒకటి క్లాస్ టీచర్‌కు సంతకం తీసుకుని ఇవ్వాలని సర్క్యులర్ ఇవ్వండి. జూలై నెలాఖరు లోపు ప్రణాళిక, దసరాకు, సంక్రాంతికి, ఏప్రిల్‌లో సమీక్ష అని తేదీలు పెట్టండి. ఎంఈవో బడి తనిఖీకి వచ్చినప్పుడు హాజరు రిజిస్టరుతో పాటు ఆ రెండు పేజీలూ తీయించి, పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, రాసిన పది పదాలూ చదివించి చూడాలి.

ఇట్లు,
ప్రత్యేక విద్యలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు